దుప్పికొమ్ములో ఆడమనిషి

నన్ను దుప్పమ్మ అని మొట్టమొదట పిలిచినవాడు కిషోర్ బాబు. ఎగతాళికి పిలిచాడు. రొయ్యల గుంటల కూలీలు నవ్వారు, టీ అంగడి దగ్గర కూర్చున్న ముసలివాళ్లూ నవ్వారు. ఇప్పుడు ఎవరైనా పేరు అడిగితే మస్తానమ్మ అని చెప్పి, ఆగి, దుప్పమ్మ అని కూడా నేనే చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

ఇదంతా మొన్నటి ఎండాకాలం సంగతి.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు వస్తుంది. ఊరు అయిపోయాక సరుగుడు తోపు, తోపు దాటితే పర్ర. పర్ర అంటే ఉప్పు తేలిన చవిటి నేల. చేను పండదు, చెట్టు లేవదు, ఎండ ముదిరేసరికి ముగ్గు చల్లినట్టు తెల్లగా మెరుస్తుంది. ఆ పర్రకీ తోపుకీ మధ్య మా అమ్మ నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఇసుక చెక్క ఉంది. అందులో ఒక దొరువు. ఇసుకలో నడుముల్లోతు తవ్విన గుంట, అంతకన్నా ఏమీ కాదు. చుట్టూ ఉప్పు నేలైనా దాంట్లో ఊరే నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లలా ఉంటాయి. మా ఇంటికి తాగేనీళ్లు అవే. ఉప్పుదుప్పులకీ అవే.

ఉప్పుదుప్పి అనేది మా ఊరి మాట. మేకపోతు కంటే కాస్త ఎత్తు, పొట్టి కాళ్లు, మట్టి రంగు ఒళ్లు. పర్ర మీద ఉప్పు నాకి, దాహమేసి దొరువుకు వస్తుంది. నేను బిందెతో పోయేసరికి అవి నీళ్లు తాగి పోయి ఉంటాయి. తడి ఇసుకలో గిట్టల గుర్తులు ఉంటాయి. వాటి వంతు అయ్యాక నా వంతు. మా అమ్మ కాలం నుంచీ అంతే.

మాఘమాసం వెళ్లిపోతున్న రోజుల్లో ఒక పొద్దున దొరువు గట్టున ఒక పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. ప్యాంటూ చొక్కా, చేతులకు రబ్బరు తొడుగులు. చిన్న చెంచాతో నేల మీద ఏవో ఏరి గాజు గొట్టాల్లో వేసుకుంటోంది.

"ఏం దేవుళ్లాడతుండావు పాపా?"

"పెంటికలు అత్తా."

"పెంటికలకి ఇంత దూరమా? మా దొడ్డికి రా, మేకలవి గంపలకొద్దీ ఉండాయి. యాడన్నా తోటకి ఎరువుకా?"

"మేకవి పనికిరావు. దుప్పివే కావాల. తాజాగా ఉంటే ఇంకా మంచిది."

నేను బిందె దించి కాసేపు చూశాను. "చదువుకున్న పిల్లవేనా?"

"ఇంకా చదువుతుండా అత్తా."

"పెంటికలు ఏరే చదువా?"

"అంతేననుకోండి. మా అమ్మ కూడా ఇట్టనే అడిగి ఏడుస్తాది," అని పకపకా నవ్వింది.

పేరు అబిగయీలు. మన కోవూరు పిల్లే. హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో పరిశోధన చేస్తోంది. ఈ రకం దుప్పి దేశం మొత్తం మీద పిడికెడు కూడా మిగల్లేదని, ఈ తీరాన ఉందని ఎవరో ఫోటో తీసి పంపితే చూడడానికి వచ్చానని చెప్పింది. దోసిలి పట్టి దొరువు నీళ్లు తాగింది. మళ్లీ తాగింది.

"ఇన్ని తియ్యటి నీళ్లు ఈ ఉప్పులో ఎట్టా వచ్చినాయి అత్తా?"

"నాకేం తెలుసు? మా అమ్మని అడగాల. ఆమె లేదు," అన్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల మా వసారాలోనే మకాం.

ఉగాది ముందు కిషోర్ బాబు మా ఇంటికి వచ్చాడు. మా మండలంలో రొయ్యల గుంటలున్న మోతుబరి. మా మరిది హజరత్తయ్య ఎదురెళ్లి తీసుకొచ్చి, నవారు మంచం వాల్చి, కూల్‌డ్రింకు తెప్పించాడు. నా మొగుడు చిన్నపోలయ్య పోయాక కూడా నేనూ మరిదీ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద తింటున్నాం. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు చిన్న పిల్లవాడు. అన్నం కలిపి పెట్టిన చెయ్యి నాది.

"మస్తానమ్మక్కా, పర్ర అంతా లీజుకి మాట్లాడినా," అన్నాడు కిషోర్ బాబు. "హజరత్తయ్య తన భాగం ఇస్తుండాడు. నీ చెక్క నడిమధ్యలో అడ్డం ఉండాది."

"ఉండనీ."

"ఒట్టి ఇసక అక్కా అది. ఏం పండిస్తావు దాంట్లో?"

"నీళ్లు."

హజరత్తయ్య మొహం చిట్లించాడు. "గమ్మునుండు వదినా. బాబు మన మంచికే చెప్తుండాడు. అన్న దున్నిన నేల, మన ఇంటిపేరు మీద ఉండే నేల..."

"మీ అన్న దాంట్లో నాగలి పెట్టలేదు అబ్బయా. పెడితే ఇసక నవ్వుతాదని ఆయనకి తెలుసు. అది మా అమ్మది. మా అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. మీ ఇంటిపేరు నా వెనక నడిచొచ్చింది అంతే."

కిషోర్ బాబు కూల్‌డ్రింకు తాగి సీసా మెల్లగా కింద పెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు. "సరేలే. నీ చెక్క నువ్వే ఉంచుకో. చుట్టూ నేను సముద్రం నీళ్లు పెడతా. ఏడాది తిరిగేసరికి నీ దొరువులో ఏం ఊరుతాదో తాగి నువ్వే చెబుదువు."

చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి, తియ్యటి దొరువు మెల్లగా ఉప్పెక్కిపోవడం పక్క ఊళ్లో నేను కళ్లారా చూశాను. నా నేల నేను ఇవ్వకపోయినా నా నీళ్లు పోతాయి.

"మరి దుప్పులు యాడికి పోతాయి?" అన్నాను.

"అయ్యేమన్నా ఈడ పుట్టినయా? గెస్టుహౌసు దొర మద్రాసు నుంచి తెచ్చి పెంచుకున్నాడు. ఆయన పోయినాడు, గోడ కూలింది, అయి బయటపడినాయి. పెంపుడు గొడ్లతో సమానం. ఫారెస్టోళ్లకి అదే చెప్పినా."

గెస్టుహౌసు ఉన్న మాట నిజమే. తోపు చివర పైకప్పు లేని గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ దొర దుప్పుల్ని పెంచిన మాటా నిజమే, నేనూ చూశాను. కానీ అది కట్టింది నేను కాపురానికి వచ్చిన చాలా ఏళ్లకు.

అతను పోయాక అబిగయీలుని అడిగాను. "ఆ మాటే నిజమైతే?"

"నిజమైతే దాచిపెట్టను అత్తా. మద్రాసు రకమని తేలితే మద్రాసు రకమనే రాస్తా."

ఆ మాటకు ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

"తేల్చేది ఎట్టా?"

వసారా గచ్చు మీద బొగ్గుతో బొమ్మ గీసింది. ప్రతి ప్రాణి ఒంట్లోనూ కంటికి కనపడని గదులు కోట్లకొద్దీ ఉంటాయట. ప్రతి గదిలోనూ ఒంటికి సత్తువ పుట్టించే పొయ్యిలాంటిది ఉంటుందట. దాని పేరు మైటోకాండ్రియా. నా నోరు ఇప్పటికీ సరిగ్గా తిరగదు, పొయ్యి అనే అంటాను. ఆ పొయ్యికి సొంతంగా ఒక రాత ఉంటుంది.

"ఆ పొయ్యి బిడ్డకి తల్లే ఇస్తాది అత్తా. తండ్రి వైపు నుంచి రాదు. తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి. ఎంత వెనక్కి పోయినా ఆడవాళ్ల వరసే. ఇప్పటి మందది పెంటికల్లోంచి చదివేస్తా. కానీ అదొక్కటే చాలదు. గెస్టుహౌసు కట్టకముందు ఈ పర్ర మీద తిరిగిన దుప్పిది ఏదన్నా కావాల. ఎముకో, తోలో, కొమ్మో. దాని రాతా వీటి రాతా ఒకటే అయితే ఈ మంద ఈడదే. ఈడదని తేలితే పర్రని ఎవురూ ముట్టుకోలేరు."

"అంత పాతది ఎవరింట్లో ఉంటాది?"

"అదే నా ఏడుపు," అంది అబిగయీలు.

నేను లేచి లోపలికి పోయాను. మా బియ్యం కుండలో చెయ్యి పెడితే తగిలేది ఏమిటో నాకు తెలుసు.

మా కూతురు వెన్నెల అప్పుడు పురిటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. పసిదానికి పడిశం పట్టి డొక్క ఎగరేస్తోంది. డాక్టరు మందిచ్చాడు. మందు వేస్తూనే వెన్నెల, "అమ్మా, బియ్యం కుండలోంచి కొమ్ము తియ్యి," అంది.

దుప్పికొమ్ము సాన మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధం పసిబిడ్డ రొమ్ముకు పట్టు వేస్తాం మేము. ఒకప్పుడు మూరెడు ఉండేదట. అరిగి అరిగి ఇప్పుడు జానెడు కూడా లేదు. మా అమ్మమ్మకి ఆ దొరువు గట్టునే దొరికింది. దుప్పి దానంతట అది రాల్చుకున్న కొమ్ము. ఆమె మా అమ్మకి, మా అమ్మ నాకు ఇచ్చారు. మొదటి పురుడు పోసి పంపేటప్పుడు కూతురి ఒడిలో పెడతారు. కోడలికి ఇవ్వరు. అది మా ఆనవాయితీ.

నాకు మొదటి పురిట్లో బిడ్డ దక్కలేదు. కొమ్ము దక్కింది. వెన్నెల చాలా ఏళ్లకు పుట్టింది.

సాన మీద నా చెయ్యి ఆగిపోయింది. వెన్నెల కనిపెట్టింది. "ఏందమ్మా?"

"దీన్ని అబిగయీలుకి ఇద్దామని."

"నీకేమన్నా మతిపోయిందా? ఇంట్లో దుప్పికొమ్ముంటే జైల్లో పెడతారని టీవీలో చూపిస్తుండారు. మనకి తెలిసినోళ్లంతా ఉన్నది కూడా పారేసుకుంటుండారు. నువ్వు చేతులో పట్టుకోని పోతావా?"

"దాచిపెడితే దొరువు పోతాది."

"అయినా అది నీది కాదు. నాది. నా పురిటికి నా ఒళ్లో పెట్టాల్సింది నువ్వు. రేపు దీని పురిటికి నేనేం పెట్టాల?" అని పసిదాన్ని చూపించింది.

"దొరువు పెట్టు."

వెన్నెల నా వైపు చూసింది. పసిదాని రొమ్ము మీద గంధం ఆరి తెల్లబడుతోంది. లేచి వంటింట్లోకి పోతూ, "చింతపండు నానబెట్టనా?" అంది.

మా ఇంట్లోంచి ఏది బయటికి పంపినా కడిగి పంపుతాం. బిందె పంపినా అంతే, బిడ్డను పంపినా అంతే. చింతపండు పెట్టి తోమాను. బూడిదతో రుద్దాను. వేణ్ణీళ్లు పోశాను. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి అబిగయీలు ముందు పెట్టాను.

ఆ పిల్ల గుడ్డ విప్పి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో అత్తా! ఏం చేసినారు దీన్ని?"

"కడిగినా."

"దేంతో?"

"చింతపండు. బూడిద. వేణ్ణీళ్లు. పసుపు."

ఒక్కో మాటకీ ఒక్కో మెట్టు కిందికి దిగినట్టు దాని మొహం దిగిపోయింది. "తాలింపు ఒకటి తక్కువ," అంది చివరికి.

నేను చేసిన తప్పేమిటో అప్పుడు నాకు తెలియదు. మన కంటికి మురికి అయినది వాళ్లకు చదువట.

తర్వాత ఆ పిల్ల గుడ్డ మళ్లీ చుట్టి నా వైపు జరిపింది. "దీన్ని నేను చేత్తో తీసుకోకూడదు అత్తా. ఫారెస్టోళ్ల ద్వారా, కోర్టు అనుమతితోనే ల్యాబుకి పోవాల. అట్టా పోతే మీ మీద కేసు అవతాది. బాగా ఆలోచించుకోండి. వద్దనుకుంటే నేను చూడలేదనుకుంటా."

"చూసినావుగా," అన్నాను.

మర్నాడు నెల్లూరు బస్సెక్కాం.

ఫారెస్టు ఆఫీసులో రేంజరు పేరు రవి కుమార్. మర్యాదస్తుడు. నేను గుడ్డ విప్పి బల్ల మీద పెట్టగానే ఆయన గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"దుప్పికొమ్ము సార్. మా ఇంట్లోదే."

"ఇట్టాంటివి జనం మాకు కనపడకుండా దాస్తారు. మీరేందమ్మా తెచ్చి బల్ల మీద పెడతారు?"

"దాస్తే అది మాట్లాడదు సార్. హైదరాబాదు పంపితే మాట్లాడతాదంట."

అబిగయీలు అంతా వివరంగా చెప్పింది. ఆయన ఓపికగా విని నిట్టూర్చాడు. "కేసు రాయకుండా ఉండలేనమ్మా. చట్టం అట్టా ఉండాది."

"రాయండి. పంపేది మాత్రం మర్చిపోకండి."

నేను చెప్పింది చెప్పినట్టు రాసి, కాగితం నా వైపు తిప్పి, అలవాటు కొద్దీ వేలిముద్ర డబ్బా కూడా జరిపాడు. నేను ఆ డబ్బాకు మూత పెట్టి, ఆయన చేతిలో పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. నా సంతకానికి సమయం పడుతుంది. ఆయన ఆగాడు.

అంతా అయ్యాక అడిగాడు. "ఇది గెస్టుహౌసుకి ముందుదని ఎట్టా నమ్మేది? నెల్లూరు బజార్లో మొన్న కొన్నారని అవతలోళ్లంటే? మీ మాట, మీ కూతురి మాట చాలదు. మీ పుట్టింటివాళ్లెవరన్నా?"

"పోయినారు."

"అత్తగారి వైపు? అప్పటినుంచి ఈ కొమ్ము చూసినవాళ్లు?"

ఉన్నది మా మరిది ఒక్కడే. నేను పెన్ను బల్ల మీద పెట్టి లేచాను.

ఎండలు ముదిరాయి. అబిగయీలు హైదరాబాదు పోయి, చెప్పా పెట్టకుండా ఒక మధ్యాహ్నం దిగింది. కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడింది.

"దుప్పి రాలేదు అత్తా."

"మరేమొచ్చింది?"

"ఆడమనిషి వచ్చింది."

వెన్నెల చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది.

"కొమ్ము పైపైన గీరి చదివినాం. దుప్పి రాత రాలా. మనిషి రాత వచ్చింది. ల్యాబులో మా అందరితో పోల్చి చూసినాం, మాది కాదు. ఒకసారి నోరు తెరవండి."

దూదిపుల్లతో నా బుగ్గ లోపల తుడుచుకుని తీసుకుపోయింది. తర్వాత ఫోను చేసింది. ఆ రాత నాదే.

"మీది అని చెప్పలేను అత్తా, అదే తమాషా," అంది ఫోన్లో. "మీది, మీ అమ్మది, మీ అమ్మమ్మది, వెన్నెలక్కది, పసిదానిది... అందరిదీ ఒకటే రాత. ఆ కొమ్ము మీద ఎవరి చెయ్యి ఉండాదో విడదీసి చెప్పేది నాకు చేతకాదు."

మా అమ్మ పోయి ఎన్నేళ్లో అయింది.

"ఇంకో దారి ఉండాది. కొమ్ము నడిమధ్యకి రంధ్రం వేసి లోపలి పొడి తీస్తాం. మీ పసుపు అంత లోతుకి పోయుండదు. దేవుడికి దణ్ణం పెట్టుకోండి, నేనూ ప్రార్థన చేస్తా."

ఈ సంగతి కిషోర్ బాబుకి ఎట్లా తెలిసిందో తెలిసిపోయింది. టీ అంగడి దగ్గర నేను పాలకు పోతుంటే గట్టిగా అన్నాడు. "ఏం దుప్పమ్మా! ల్యాబోళ్లు చూస్తే కొమ్ములో నువ్వే కూచోనుండావంటనే? తోక కూడా ఉండాదా, లేదా?"

అందరూ నవ్వారు. నేను చెంబు చంకన పెట్టుకుని ఆగాను.

"తోక సంగతి తెలీదు కిషోర్ బాబూ. కొమ్ములు మాత్రం ఉండాయి. దగ్గరికి రాబాక."

ఆ నవ్వు అతని మీదికి తిరిగింది. అతనికి అది రుచించలేదు. ఆ వారమే పర్రలోకి జేసీబీ దిగింది.

లీజు కాగితం ఇంకా చేతికి రాలేదు. గట్టు పోసేస్తే ఎవరు తీసేస్తారులే అని ధైర్యం. నా చెక్క హద్దు అవతల, దొరువుకు కూతవేటు దూరంలో తవ్వడం మొదలుపెట్టబోయాడు. నేను బిందె తీసుకుపోయి, జేసీబీ తొట్టికి ఎదురుగా బోర్లించి దాని మీద కూర్చున్నాను. తలమీద కొంగు కప్పుకున్నాను. డ్రైవరు శ్రీకాకుళం వైపు కుర్రాడట, దిగి దండం పెట్టాడు.

"లేవండమ్మా, మీకు దండమెడతాను."

"నీ పని నువ్వు చేసుకో నాయనా. నా పని నేను చేస్తుండా."

"మీ పనేటమ్మా?"

"కూచోడం."

వెన్నెల పసిదాన్ని భుజాన వేసుకుని గొడుగు తెచ్చి నా పక్కనే కూలబడింది. ఎండకు పర్ర కళ్లలోకి పొడుస్తోంది. కాసేపటికి ఊరు ఊరంతా తోపు నీడన చేరింది. వెన్నెల చెబితే అబిగయీలు ఫోను చేసినట్టుంది, ఫారెస్టు జీపు కూడా వచ్చింది. రవి కుమార్ దిగీ దిగకముందే కిషోర్ బాబు అందుకున్నాడు.

"చూడండి సార్ ఈ దౌర్జన్యం. కొమ్ములో ఈమె తప్ప దుప్పి లేదని ల్యాబే చెప్పింది. రేపు లోపల దుప్పి ఉండాదని చెప్పినా ఏం లాభం? ఆ కొమ్ము నిన్నమొన్న యాడనో కొన్నది. కావాలంటే అడగండి, ఒకే ఇంట్లో తినే మనిషి ఉండాడు. హజరత్తయ్యా! ఇట్రా. సారుకి చెప్పు."

హజరత్తయ్య జనం మధ్యలోంచి వచ్చాడు. నేను వాడి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది. అడగదలచుకోలేదు. వాడు చెప్పులు విడిచి ఒక పక్కన పెట్టాడు, ఎందుకో మరి.

"ఏమన్నా, ఆ కొమ్ము నువ్వు ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు రేంజరు.

"చూసినా."

"ఎప్పటినుంచి ఉండాది మీ ఇంట్లో?"

హజరత్తయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి రొమ్ము మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

"నా రొమ్ముకి పూసినారు సార్. అప్పటికి గెస్టుహౌసు లేదు. ఆడ తాటితోపు ఉండేది. మా వదిన కాన్పుకి పోయి ఉత్త చేతులతో వచ్చింది, ఆ కొమ్ముతో. ఆ ఏడే నాకు డొక్క ఎగిరింది. బతకడన్నారు."

కిషోర్ బాబు, "హజరత్తయ్యా, బాగా ఆలోచించుకోని..." అన్నాడు.

"రాసుకోండి సార్," అన్నాడు మా మరిది. "బలే కంపు కొట్టేది, అది కూడా రాసుకోండి."

ఎవరో నవ్వారు. వాడు సంతకం పెట్టి, చెప్పులు వేసుకుని, నా వైపు తిరక్కుండానే తోపులోకి వెళ్లిపోయాడు. లీజు తేలేదాకా తవ్వకం ఆపమని రేంజరు చెప్పాడు. డ్రైవరు కుర్రాడు తొట్టి పైకెత్తి బండి వెనక్కి తిప్పాడు. నేను బిందె లేపి నీళ్లు ముంచుకుని ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం హజరత్తయ్య వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"వదినా, ఇంక వేరు పొయ్యి పెట్టుకుంటాం మేము."

"సరే అబ్బయా."

"నిజం చెప్పినా. అంతే. నీ పక్కకి వచ్చినా అనుకోబాక. ఆ లీజు మీద నేను చాలా అనుకోనుండినా."

"అనుకోను."

పెరట్లో వాడి పెళ్లాం మూడు రాళ్లు పేర్చి పొయ్యి వేసింది. ఇన్నేళ్ల ఇల్లు రెండు పొగలైంది. నాకు బాధ లేదంటే అబద్ధం. కానీ మర్నాడు పొద్దున నేను దొరువుకు పోయేసరికి వాడి బిందె అక్కడ ఉంది, నాకంటే ముందే. వాడు ముంచుకున్నాక నేను ముంచుకున్నాను.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక అబిగయీలు వచ్చింది. ఈసారి కాళ్లు కడుక్కుని, లోపలికి వచ్చి, మా పీట మీద కూర్చుని, సంచీలోంచి కాగితాలు తీసింది. మొదటి కాగితం మీద పెద్ద సున్న గీసి ఉంది, చుట్టూ రంగు రంగుల ముక్కలు.

"ఇదే అత్తా, పొయ్యి రాత. మొత్తం చదివేసినాం. మొదలూ చివరా ఉండదు, గుండ్రంగా ఉంటాది."

తక్కిన కాగితాల నిండా అక్షరాలు. నేను అక్షరాలు నేర్చుకున్నదే మొగుడు పోయాక, అవీ తెలుగువి. ఇవి ఇంగ్లీషువి. కానీ చూస్తూ చూస్తూ ఉంటే నవ్వొచ్చింది.

"నాలుగే ఉండాయే, మళ్లీ మళ్లీ?"

"నాలుగే. ఎ, టి, జి, సి. పదహారు వేల పైచిలుకు అక్షరాలు, నాలుగింటితోనే."

"మనకి యాభై ఆరు పెట్టి చంపినారు," అన్నాను. వెన్నెల పసిదాన్ని కుదిపేంతగా నవ్వింది.

అబిగయీలు రెండు వరుసలు పక్కపక్కన పెట్టింది. పైది కొమ్ము నడిమధ్య పొడిది. కిందది నా దొరువు గట్టున ఏరిన పెంటికలది. వేలు పెట్టి అక్షరం తర్వాత అక్షరం పోల్చుకుంటూ పోయాను. కన్ను అలిసేదాకా పోయాను. ఎక్కడా తేడా రాలేదు. మూడో వరుస మద్రాసు రకానిది. అందులో కాస్త దూరం పోగానే నా వేలు ఆగింది, మళ్లీ ఆగింది, మళ్లీ ఆగింది.

"గెస్టుహౌసు దొర తెచ్చినవి వేరే అత్తా. అయి చచ్చిపోయుంటాయి. ఇయి ఇక్కడివే. మీ అమ్మమ్మ కొమ్ము ఏరినప్పుడు తిరిగిన మంద బిడ్డలే."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. "కొంచెం నీళ్లు తాగు పాపా," అన్నాను, ఇంకేమీ తోచక.

పర్ర లీజు ఆగింది. ఫారెస్టువాళ్లు బోర్డు పాతారు. దుప్పి బొమ్మ వేశారు గానీ అది దుప్పిలా లేదు, మేకలా ఉంది. కిషోర్ బాబు ఊరుకోలేదు, పైకోర్టుకు పోయాడు. పోనీ. నాకూ కోర్టు ఉందిగా. కొమ్ము కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకు పిలిచినప్పుడల్లా నెల్లూరు బస్సెక్కుతాను. కేసు కొట్టేయించుకునే దారి ఉందని, దొరికిన కొమ్మేదో తెలియక ఉంచుకున్నానని చెబితే చాలని ప్లీడరు అంటాడు. తెలియక కాదు, తెలిసే ఉంచుకున్నాం, ఆ మాట చెప్పను అన్నాను.

మొన్నటి వాయిదాకు వెన్నెల కూడా పసిదాన్ని ఎత్తుకుని వచ్చింది. పిల్ల ఇప్పుడు దోగాడుతోంది. బోనులో నిలబడితే గుమాస్తా నా పేరు పిలిచి, ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. పేరు మళ్లీ చెప్పమన్నాడు. మస్తానమ్మ అని, దుప్పమ్మ అని కూడా అంటారని చెప్పాను. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు గారు తలెత్తారు. ఆయన బల్ల మీద అట్టపెట్టెలో కొమ్ము ఉంది. నడిమధ్యన చిన్న రంధ్రం ఉంది.

"ఈ కొమ్ము మీకు ఎవరిచ్చారమ్మా?"

"మా అమ్మ అయ్యా."

"ఆమెకు?"

"వాళ్లమ్మ."

"ఆమెకు ఎవరిచ్చారు?"

"అట్టా వెనక్కి పోతా ఉంటే దుప్పి దాకా పోతాదయ్యా," అన్నాను. "అదే ఇచ్చింది."

ఆయన రాసుకోబోయి ఆగారు. నన్నూ కొమ్మునూ మార్చి మార్చి చూశారు. తర్వాత నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. వాయిదా వేశారు.

బయటికి వచ్చి వరండాలో కూర్చుని, సీసాలో తెచ్చుకున్న దొరువు నీళ్లు పసిదానికి పట్టాను. గుటకలు వేసి మళ్లీ నోరు తెరిచింది.